దీవిలో ఒక్క ఎలుకా మిగలకుండా ఎలా తీశారు, మన చేలో ఏటా ఎందుకు తిరిగొస్తాయి?

తెనాలి_మాగాణి
మా వైపు ఏటా ఊరంతా కలిసి ఎలుకల మందు పెడతాం. నూకలు 96 పాళ్ళు, నూనె 2, బ్రోమాడయొలోన్ పొడి 2. కలిపి 15 గ్రాముల పొట్లాలు కట్టి కన్నానికొకటి. రెండు వారాలు చేను ప్రశాంతం. పొట్టకొచ్చేసరికి మళ్ళీ పిలకలు ఏటవాలుగా కొరికి పడేసి ఉంటాయి. అంటార్కిటికా దగ్గర సౌత్ జార్జియా దీవిలో మాత్రం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైన ఎలుకల్ని తుడిచిపెట్టేశామని 2018లో ప్రకటించారట. వెయ్యి చదరపు కిలోమీటర్లంటే దగ్గర దగ్గర రెండున్నర లక్షల ఎకరాలు. నమ్మమంటారా? మన దగ్గర లేని మందు వాళ్ళ దగ్గరేముంది?

మిర్చియార్డు
వాళ్ళకి హెలికాప్టర్. మనకి సిల్వర్ బేసిను.

బ్రాడీపేట_4/14
నమ్మొచ్చు. 2011, 2013, 2015 మూడు విడతల్లో చల్లారు. చివరి విడత అయ్యాక రెండేళ్ళకు పైగా ఆగి, కుక్కలతో దీవంతా గాలించి, అప్పుడు నోరు విప్పారు.

మందులో తేడా కొంతే. వాళ్ళు వాడింది బ్రోడిఫాకుమ్, మీరు పెట్టే బ్రోమాడయొలోన్‌కి అన్న. రెండూ రక్తం గడ్డకట్టనివ్వని రకమే. అసలు తేడా పనిలో ఉంది. దీవిలో ఎలుకని పూర్తిగా తీయాలంటే మూడూ ఒకేసారి కుదరాలి. ఉన్న ప్రతి ఎలుకకీ మందు నోటికందాలి. అవి ఈనే వేగం కన్నా మనం చంపే వేగం ఎక్కువుండాలి. బయటి నుంచి కొత్తది రాకూడదు. మూడింట్లో ఒకటి తప్పినా చేసింది నిర్మూలన కాదు, క్షవరం. మళ్ళీ పెరుగుద్ది.

మీ చేలో మూడోది ఏనాటికీ కుదరదు. పక్క చేను, కాలవ గట్టు, గడ్డివాము, రోడ్డు పక్క తుప్ప, అన్నీ ఎలుక పుట్టిళ్ళే.

లబ్బీపేట_లెక్కలు
క్షవరం లెక్క నేను వేస్తా. చూలు 21 నుంచి 23 రోజులు. ఈతకి ఆరు నుంచి ఎనిమిది పిల్లలు. ఆ పిల్లలు మూడు నెలలు తిరక్కుండా ఈతకొస్తాయి. వందలో 95 చచ్చాయనుకోండి, మిగిలిన 5లో మూడు ఆడవి. నెలలో ఓ ఇరవై పుడతాయి. పైగా పోటీ లేదు, కన్నాలన్నీ ఖాళీ, తిండి ఎదురుగా ఉంది, కాబట్టి బతికే పిల్లల శాతం కూడా ఎక్కువ. కోతలకల్లా మీ 100 మీకొచ్చేస్తాయి. 95 శాతమంటే మార్కుల్లో డిస్టింక్షనే, దీవిలో మాత్రం సున్నాకి దానికి తేడా లేదు.

తెనాలి_మాగాణి
అంత పెద్ద దీవిలో పక్కనుంచి రాకుండా ఎలా ఆపారు? మూడు విడతలంటున్నారు కదా, ఒక ముక్క చల్లి రెండేళ్ళాగితే చల్లని ముక్క నుంచి రావా?

ఉండవల్లి_గుహ
ఆ దీవిలో గట్లు దేవుడే వేశాడు. కొండల మీద నుంచి సముద్రం దాకా దిగే మంచు నదాలున్నాయి. ఎలుక వాటిని దాటదు. అందుకే దీవిని ముక్కలుగా విడగొట్టి, ముక్క తర్వాత ముక్క చేసుకొచ్చారు. తొందరపడటానికి కారణం కూడా అవే. మంచు కరిగి నదాలు వెనక్కి పోతున్నాయి. అవి సముద్రాన్ని వదిలేస్తే ఒడ్డున బీచి మిగిలి ఎలుకలకి రోడ్డు పడుద్ది, ముక్కలన్నీ కలిసిపోతాయి.

దుగ్గిరాల_పసుపు
జింక్ ఫాస్ఫైడ్ ఎందుకు వాడరు? చవక, రాత్రికి రాత్రే పని అయిపోద్ది.

బ్రాడీపేట_4/14
రాత్రికి రాత్రే అవడమే దాంతో చిక్కు. కొంచెం తిని నొప్పి వచ్చి బతికిన ఎలుక ఆ వాసన మళ్ళీ ముట్టదు. అందుకేగా రెండు రోజులు ఉత్త నూకలు పెట్టి అలవాటు చేసి మూడో రోజు మందు కలపమనేది. అలా చేసినా కొన్ని మిగులుతాయి. రక్తం మందు తిన్న ఎలుకకి మూడు రోజుల నుంచి వారం దాకా ఏమీ తెలియదు. ఏం తిని జబ్బు పడిందో దానికి అర్థం కాదు కాబట్టి మళ్ళీ మళ్ళీ తింటది.

మోతాదు చూడండి. దీవుల్లో వాడే గుళికలో బ్రోడిఫాకుమ్ 20 పీపీఎం, అంటే గ్రాముకి 0.02 మిల్లీగ్రాము. పావుకిలో ఎలుకల్లో సగం చావటానికి సుమారు 0.1 మిల్లీగ్రాము చాలు, అంటే 5 గ్రాముల ఎర. గుళిక 2 గ్రాములుంటుంది. మూడు తింటే ఆ గీత దాటినట్టు, నాలుగైదు తింటే ఇక అనుమానం లేదు. మీ పొట్లంలో మందు 50 పీపీఎం, కాస్త తక్కువ పదునుది కాబట్టి ఎక్కువ శాతం.

పటమట_పిచ్చుక
గుళికకి ఆకుపచ్చ రంగు వేస్తారు, అది కూడా చెప్పండి. గింజ రంగులో ఉంటే పిట్టలు ఏరుకు తింటాయి, ఆకుపచ్చ వాటికి అంతగా నచ్చదు. ఎలుకకి రంగుతో పని లేదు.

లబ్బీపేట_లెక్కలు
హెలికాప్టర్ సంగతి. కింద తాడుకి పెద్ద గరాటు బకెట్ వేలాడుద్ది, అడుగున మోటారుతో తిరిగే పళ్ళెం గుళికల్ని చుట్టూ విసురుద్ది. పైలట్ జీపీఎస్ గీతల మీదే నడపాలి. ఒక గీతలో పడ్డ వెడల్పులో సగం పక్క గీత మళ్ళీ కప్పుద్ది, అంటే ప్రతి చోటా రెండుసార్లు పడాలన్నమాట. సాయంత్రం దిగాక ఆ గీతల్ని మ్యాపు మీద వేసి చూస్తారు. ఎలుక తిరిగే మేరంత ఖాళీ ఎక్కడన్నా కనపడితే తెల్లారి మళ్ళీ ఎగరాలి. కొండ చరియలు పైనుంచి చూస్తే సన్నటి గీత, నిజంగా నిలువు గోడ, అందుకని అక్కడ అదనంగా తిరగాలి. చల్లాక కనీసం మూడు రాత్రులు వాన పడకూడదు, పడితే గుళిక నాని పిండయిపోద్ది. అదే చోట రెండోసారి చల్లేది రెండు మూడు వారాలకి. మొదటిసారి చల్లినప్పుడు కన్నంలో పాలు తాగుతున్న పిల్లలుంటాయే, వాటి కోసం.

మిర్చియార్డు
ఒక రాత్రి వాన పడితేనే యార్డులో టార్పాలిన్ దొరకదు. మూడు రాత్రుల గ్యారంటీ ఎవడిస్తాడు వీళ్ళకి?

ఉండవల్లి_గుహ
ఎవడూ ఇవ్వడు. ఆస్ట్రేలియా వాళ్ళ మెక్వారీ దీవిలో 2010లో మొదలెట్టి వాతావరణం కుదరక కొంత చల్లి వెనక్కొచ్చేశారు. 2011లో మళ్ళీ మొదటి నుంచి. ఎలుకలు, చుంచులు, కుందేళ్ళు మూడూ ఒకే పథకంలో. 128 చదరపు కిలోమీటర్లు, 2014లో ప్రకటన.

కృష్ణలంక_గట్టు
అందరూ మందు గొప్పలే చెబుతున్నారు. ఆ మందు తిన్న ఎలుకని గద్ద తింటే? ఆ మెక్వారీలోనే 2010లో కొంత చల్లినందుకే స్కువాలు, గల్స్, పెద్ద పెట్రెల్ పక్షులు వందల్లో పోయాయి. పక్షుల్ని కాపాడటానికి పక్షుల్ని చంపటమేంటి?

పటమట_పిచ్చుక
పోయిన మాట నిజమే, దాచేదేం లేదు. అందుకే 2011లో పద్ధతి మార్చారు. ముందు కుందేళ్ళలో వాటి వైరస్ వదిలి చాలావాటిని తగ్గించారు, మందు తిని పడే శవాలు తగ్గటానికి. తర్వాత మనుషుల్ని పెట్టి శవాల్ని ఏరించి పూడ్పించారు. పసిఫిక్‌లో గలాపగస్ దీవుల్లో పింజోన్‌కి 2012లో మందు చల్లేటప్పుడు అక్కడి గద్దల్ని ముందే పట్టి పంజరాల్లో ఉంచారు. వదిలాక కూడా కొన్ని చచ్చిపోయాయి, ఎందుకంటే బల్లుల ఒంట్లో మందు రెండేళ్ళకు పైగా మిగిలే ఉంది. బల్లికి ఆ మందు ఏమీ చెయ్యదు, బల్లిని తిన్న గద్దకి చేస్తది. ఈ లెక్క ముందు ఎవరూ వెయ్యలేదు.

అయితే ఇంకో వైపు కూడా చూడండి. అదే పింజోన్‌లో వందేళ్ళకు పైగా ఒక్క తాబేలు పిల్లా బతికి బట్టకట్టలేదు. గుడ్డు పగలగానే ఎలుక తినేసేది. గుడ్లు ఏరుకెళ్ళి వేరే దీవిలో పొదిగించి, ఎలుక కొరకలేనంత డిప్ప గట్టిపడ్డాక తెచ్చి వదిలేవాళ్ళు. మందు చల్లిన రెండేళ్ళకి, 2014లో, అక్కడే పుట్టిన పిల్లలు కనిపించాయి.

కృష్ణలంక_గట్టు
ఒప్పుకుంటా. కానీ 'ఒక్కసారే కదా' అని ప్రతివాడూ అంటే?

బ్రాడీపేట_4/14
ఒక్కసారే అన్నదే ఈ మందుకున్న ఏకైక సమర్థన. దీవిలో జన్మకోసారి చల్లి వదిలేస్తారు, కొన్నేళ్ళలో విషం తగ్గిపోద్ది, లాభం శాశ్వతం. అదే మన చేలో ఏటా చల్లితే గుడ్లగూబ, ముంగిస, ఊరి పిల్లి, అన్నిట్లో పేరుకుంటూ పోద్ది, పైగా మందుకి లొంగని ఎలుకలు తయారవుతాయి. తెనాలి గారూ, బ్రోడిఫాకుమ్ తెచ్చి చేలో చల్లే ఆలోచన ఉంటే ఇక్కడే ఆపెయ్యండి.

తెనాలి_మాగాణి
అడగబోయి ఆగా 🙂 సరే, మన భవానీ ద్వీపం? చుట్టూ కృష్ణ. 130 ఎకరాల పైచిలుకే. దానికి కుదరదా?

లబ్బీపేట_లెక్కలు
ఎలుక ఈత ముందు చూసుకోవాలి. న్యూజిలాండ్‌లో 2004లో పరిశోధకులు కావాలనే ఒక మగ ఎలుకని, మెడకి రేడియో పట్టీ కట్టి, ఎలుకల్లేని చిన్న దీవిలో వదిలారు. ఒక్కదాన్ని పట్టడం ఎంత కష్టమో చూద్దామని. బోన్లు, కుక్కలు, మందు, ఏదీ పని చెయ్యలా. పది వారాలకి అది 400 మీటర్ల సముద్రం ఈది పక్క దీవి చేరింది. మొత్తం 18 వారాలకి దొరికింది, అదీ పెంగ్విన్ మాంసం ఎరకి. ఒక్క ఎలుక! సీతానగరం వైపు నుంచి భవానీ ద్వీపానికి దూరం చూసుకోండి, పైగా అది ఉప్పు నీళ్ళు కాదు, అల లేదు. పందికొక్కు అయితే ఇంకా హాయిగా ఈదుద్ది.

ఉండవల్లి_గుహ
ఈత దాకా ఎందుకు, వరద చాలు. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు ద్వీపం మునిగింది. పైనుంచి కొట్టుకొచ్చిన దుంగలు, గుర్రపుడెక్క చాపల మీద ఏమేం దిగాయో ఎవరికెరుక. నది లంక సముద్రపు దీవి కాదు. అక్కడ ఏటా అదుపు చేసుకోవటమే, నిర్మూలన మాట వద్దు.

మిర్చియార్డు
పర్యాటక లాంచీలో టికెట్టు కొని వెళ్ళే ఎలుకల్ని కూడా కలపండి లెక్కలో.

పటమట_పిచ్చుక
జోకు కాదది, ఆస్ట్రేలియా వాళ్ళ లార్డ్ హోవ్ దీవిలో ఎలుకలు పడవలోనే వచ్చాయి. 1918లో ఒక స్టీమరు ఒడ్డున చిక్కుకుంటే దాన్నుంచి దిగాయి. కొన్నేళ్ళలోనే ఐదు రకాల పక్షులు అంతరించాయి. అరచేయంత పొడుగు కర్రపురుగొకటి కూడా పోయిందనుకున్నారు. 2001లో పక్కనే సముద్రంలో నిలువుగా లేచిన 560 మీటర్ల రాతి స్తంభం మీద, ఒక పొద కింద ఓ గుంపు దొరికింది.

2019లో అక్కడ మందు పెట్టారు. జనం 350 మంది దాకా ఉన్న ఊరు, ఆవులు, కోళ్ళు, హోటళ్ళు. ఇళ్ళ మధ్య హెలికాప్టర్ తిప్పలేరు కాబట్టి అక్కడ వేలకొద్దీ ఎర డబ్బాలు చేత్తో పెట్టారు, వంటిళ్ళలో, అటకల మీద కూడా. అడవి కోడి లాంటి ఎగరలేని పిట్ట ఒకటుంది, వాటిల్లో చాలావాటిని పట్టి దొడ్లలో ఉంచి తర్వాత వదిలారు. 2021లో ఊళ్ళో ఒక మగ, ఒక చూలు ఎలుక కనపడ్డాయి! మళ్ళీ డబ్బాలు, కుక్కలు దింపి సరిచేశారు. ఆ కాపలా లేకపోతే 2019 ఖర్చంతా గాల్లో కలిసేది.

దుగ్గిరాల_పసుపు
కనపడ్డాయంటే ఎలా తెలుస్తది? ఎలుక ఎదురొచ్చి నమస్కారం పెట్టదుగా.

పటమట_పిచ్చుక
ముడతల ప్లాస్టిక్ కార్డు, పెట్టెల తయారీలో వాడే రకం. ఆ గొట్టాల్లో వేరుశనగ ముద్ద కూరి చెట్టుకి మేకు కొడతారు. నమిలితే పళ్ళ గాట్లు పడతాయి. ఎలుకవైతే రెండు వెడల్పాటి గీతలు, చుంచువైతే గోటి గీతల్లా సన్నగా, ఎండ్రకాయవైతే చించినట్టుంటాయి. ఇంకోటి సిరా సొరంగం. పొడుగాటి పెట్టెలో నడుమ సిరా దిండు, రెండు వైపులా తెల్ల కాగితం, లోపలికెళ్ళి వస్తే పాదముద్రలు పడతాయి. కెమెరాలు సరే సరి. అన్నిటికన్నా నమ్మకం వాసన పట్టే కుక్క మీదే. ఇవన్నీ పెట్టి రెండేళ్ళు ఏమీ కనపడకపోతేనే 'లేదు' అంటారు. అట్లాంటిక్‌లో గాఫ్ దీవిలో 2021లో చుంచులకి మందు చల్లారు, ఆ డిసెంబరుకే కెమెరాలో ఒకటి తేలింది. అక్కడ చుంచులు ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపు పిట్ట పిల్లల్ని బతికుండగానే కొరుక్కుతింటాయి. చుంచుతో కష్టమేంటంటే దాని లోకం పది ఇరవై మీటర్లే. అంత మేరలో గుళిక పడకపోతే అది బతికిపోయినట్టే.

దుగ్గిరాల_పసుపు
అన్నీ చలి దేశాల కబుర్లే. మనలాంటి ఉక్క దీవుల్లో?

బ్రాడీపేట_4/14
అక్కడ తిప్పలు వేరు. చలి దీవిలో శీతాకాలం ఎలుక ఆకలితో ఉంటది, ఈతలుండవు, అదను చూసి కొట్టొచ్చు. ఉష్ణ దీవిలో ఏడాది పొడుగునా కాయ, పండు, ఈతలు. 2011లో పసిఫిక్‌లోని హెండర్సన్ దీవిలో పని ఇలాగే దెబ్బ తింది. మిగిలినవి 60 నుంచి 80 ఎలుకలేనని తర్వాత జన్యు పరీక్షల్లో తేలింది. మందుకి లొంగకపోవటం కాదు, అడవిలో తిండి ఎక్కువగా ఉండి గుళిక ముట్టలేదని అంచనా. అవే మళ్ళీ వేలయ్యాయి.

రెండో తిప్ప ఎండ్రకాయలు. పసిఫిక్‌లో పాల్మైరా దీవుల్లో నేల మీద తిరిగే ఎండ్రకాయలు గుళికల్ని బుట్టలకొద్దీ తినేస్తాయి. వెన్నెముక లేని జీవి కాబట్టి వాటికి ఈ మందు పని చెయ్యదు, బలిసిపోతాయి. అందుకని చలి దీవుల్లో హెక్టారుకి పది పన్నెండు కిలోలతో సరిపోయేది అక్కడ ఒక్కో విడతకి 80 కిలోల దరిదాపు చల్లాల్సొచ్చింది, 2011లోనే. ఎండ్రకాయల వాటా తీయగా మిగిలింది ఎలుకకి.

మూడోది కొబ్బరి మొవ్వు. కొన్ని ఎలుకలు కిందకి దిగవు, మొవ్వులోనే కాపురం, అక్కడే తిండి. మడుగు మీదకి వాలిన చెట్ల నుంచి గుళిక నీళ్ళలో పడుద్ది. అందుకని గుడ్డ సంచుల్లో ఎర కట్టి మట్టల మీదకి చేర్చారు.

మిర్చియార్డు
ఎండ్రకాయల వాటా అంటే మన రేషను బియ్యం లెక్కే.

ఉండవల్లి_గుహ
పాల్మైరాలో అనుకోని లాభం ఒకటుంది. ఎలుకలు పోయాక పగలు కుట్టే చారల దోమ, డెంగీ మోసేది, అది కూడా దీవి నుంచి మాయమైంది. దాని రక్తపు తిండి ఎలుకల మీదే నడిచేది మరి. ఇప్పుడక్కడ కొబ్బరి చెట్లు కొట్టేస్తున్నారు.

తెనాలి_మాగాణి
కొబ్బరి చెట్లు కొట్టటమా? పెద్ద కొడుకు లాంటి చెట్టుని?

దుగ్గిరాల_పసుపు
అక్కడ అది కలుపు మొక్క, తెనాలి గారూ. కొబ్బరి తోటలు వేసి వదిలేశారు, అవి అడవిని మింగేశాయి. సముద్రపు పిట్టలకి గూడు పెట్టటానికి అడ్డకొమ్మ కావాలి, కొబ్బరికి కొమ్మే లేదు. పిట్ట లేకపోతే రెట్ట లేదు, రెట్ట లేకపోతే ఆ ఇసకలో నత్రజని లేదు. ఎలుక కూడా పోయాక అక్కడి సొంత చెట్లు వాటంతటవే మొలుస్తున్నాయి.

లబ్బీపేట_లెక్కలు
రెట్ట విలువ రెట్లలోనే చెప్పాలి. హిందూ మహాసముద్రంలో చాగోస్ దీవుల్లో ఎలుకలున్నవీ లేనివీ పక్కపక్కనే ఉన్నాయి. లేని దీవుల్లో సముద్రపు పిట్టలు 760 రెట్లు, నేలకి చేరే నత్రజని 251 రెట్లు. అది వానతో కడిగి పగడాల మీదకి దిగుద్ది, అక్కడ చేపల బరువు దాదాపు సగం మేర ఎక్కువ. ఈ పరిశోధన 2018లో అచ్చయింది. ఎలుకని చంపితే చేప పెరుగుద్దంటే మన నిజాంపట్నం వాళ్ళు నమ్మరు.

కృష్ణలంక_గట్టు
మొక్కలు వాటంతటవే మొలుస్తాయన్న మాట అన్ని చోట్లా చెల్లదు. మేకల్ని తీసిన దీవుల్లో ఏమైంది?

ఉండవల్లి_గుహ
ముందు మేకల్ని ఎలా తీశారో చెప్పనివ్వండి, అదో ముచ్చట. గలాపగస్‌లో పింటా దీవిలో 1959లో ఎవరో చేపలవాళ్ళు మూడు మేకల్ని వదిలారు. పదిహేనేళ్ళు తిరిగేసరికి వేలకి వేలయ్యాయి. పెద్ద దీవుల్లో, శాంటియాగో, ఉత్తర ఇసబెలా, 1997లో మొదలై 2006 దాకా లక్షన్నరకి దగ్గరగా తీశారు. హెలికాప్టర్ నుంచి తుపాకీతో ముప్పాతిక పైన సులువుగా అయిపోద్ది. చివరి వందే నరకం, గుహల్లో దాక్కుంటాయి. అప్పుడు దీమం వేశారు. మనవాళ్ళు కౌజుపిట్టలకి పంజరంలో పిట్టని పెట్టి పిలిపిస్తారే, అదే. మేకకి రేడియో పట్టీ కట్టి వదిలితే అది ఒంటరిగా ఉండలేక తన జాతిని వెతుక్కుంటూ పోద్ది. వెనకాలే వెళ్ళి గుంపుని కాల్చి దీమపు మేకని వదిలేస్తే, మళ్ళీ ఇంకో గుంపుని వెతుకుద్ది. ఆడదైతే చూలు కాకుండా ఆపరేషన్ చేసి, ఎప్పుడూ ఎదలో ఉన్నట్టు హార్మోన్ గుళిక పెట్టేవాళ్ళు, పోతులు వాటంతటవే వచ్చేవి.

మిర్చియార్డు
పాపం మేకకి తన వెనక హెలికాప్టర్ ఎందుకొస్తుందో చివరిదాకా తెలీదు.

దుగ్గిరాల_పసుపు
గట్టు గారడిగిన దానికి. మేక పోయాక పచ్చగా లేస్తుంది, కానీ లేచేది ఏ పచ్చో చూసుకోవాలి. మేక నోటికి అణిగి ఉన్న ముళ్ళ బ్లాక్‌బెర్రీ లాంటివి ఒక్కసారి విజృంభిస్తాయి. మారిషస్ పక్కన రౌండ్ ఐలాండ్‌లో 1979లో మేకల్ని, 1986లో కుందేళ్ళని తీశారు. సొంత తాటిజాతి మొక్కలు లేచాయి, వాటితోపాటు బయటి గడ్డీ లేచింది. ఆ గడ్డిని ఒకప్పుడు మేసిన తాబేళ్ళు అంతరించాయి కాబట్టి 2007 నుంచి అల్డాబ్రా తాబేళ్ళని తెచ్చి వదిలారు. మారిషస్ పక్కనే ఇంకోటి ఐల్ ఓ ఎగ్రెట్, 26 హెక్టార్ల బుల్లి దీవి. అక్కడ తాబేలు ఎబొనీ అనే నల్ల కలప చెట్టు కాయలు తిని దూరంగా విసర్జిస్తే, కడుపులోంచి వచ్చిన గింజ బాగా మొలుస్తోంది.

చెట్లు తీసే పని ఎలుకల పని కన్నా దీర్ఘం. మనం కాగితం మిల్లుల కోసం ఎకరాలకెకరాలు వేసే సుబాబుల్ సముద్ర దీవుల్లో పెద్ద దొంగ. నరికితే పది పిలకలు. మొద్దు పద్ధతి ఇది: నేలకి జానెడు లోపు ఎత్తులో సమంగా కొయ్యాలి, రంపపు పొట్టు తుడవాలి, ఐదు నిమిషాల్లోపు ట్రైక్లోపిర్ అనే కలుపు మందు కుంచెతో పుయ్యాలి. ఆలస్యమైతే కోసిన ముఖం ఆరి మందు లోపలికి దిగదు. మొద్దు మధ్యలో పుయ్యటం దండగ, అది చచ్చిన కలప. బెరడుని ఆనుకుని లోపలున్న పలచటి పచ్చి వలయమే తాగుద్ది. ఏ మొద్దుకి పూశారో తెలియటానికి మందులో రంగు కలుపుకోవాలి, లేకపోతే మధ్యాహ్నానికి సగం మర్చిపోతారు. ఇంత చేసినా నేలలో రాలిన గింజ పదేళ్ళు దాటినా మొలుస్తది. అందుకే ఏటా తిరిగి మొలకలు పీకే డబ్బు ముందే పక్కన పెట్టుకోని పని మొదలెట్టొద్దు.

తెనాలి_మాగాణి
మన సర్కారు తుమ్మకీ ఇదేనా?

దుగ్గిరాల_పసుపు
దానికి మొద్దు పూత లేకుండానే తీయొచ్చు, ఒళ్ళొంచితే. చిగురు కళ్ళు నేల లోపల వేరు మెడ దగ్గరుంటాయి. అడుగు లోతు తవ్వి వేరు మెడ కింద నరికితే మళ్ళీ రాదు. నేల మీద నరికితే మీరు దాన్ని పెంచుతున్నట్టే. అట్లాంటిక్‌లో అసెన్షన్ దీవిని పట్టి పీడిస్తున్నది కూడా ఈ తుమ్మే.

కృష్ణలంక_గట్టు
ముందు ఏది తియ్యాలన్న దగ్గర కూడా బోర్లా పడ్డారుగా. మెక్వారీలో 2000కల్లా పిల్లుల్ని తీశారు. కుందేళ్ళు లక్ష దాటి కొండని గీకేశాయి, 2006లో వానకి చరియ విరిగి పెంగ్విన్ల మీద పడింది.

పటమట_పిచ్చుక
మొత్తం పిల్లి మీదే తోసెయ్యకూడదు. కుందేళ్ళని అణిచి ఉంచిన మిక్సోమా వైరస్ పట్టు అదే కాలంలో సడలింది. దేని వాటా ఎంతన్నది శాస్త్రవేత్తలే తేల్చుకోలా. కానీ మీరన్నదాంట్లో పాయింటుంది, వీలైతే తినేదాన్నీ తినబడేదాన్నీ కలిపే తియ్యాలి.

బ్రాడీపేట_4/14
ఇంకో జీవిని తెచ్చి దీన్ని తినిపిద్దామన్న తెలివి మాత్రం ఎవరూ చెయ్యొద్దు. 1883లో హవాయి చెరకు తోటల్లో ఎలుకల కోసం జమైకా నుంచి ముంగిసల్ని తెచ్చారు. జమైకాకి వెళ్ళింది 1872లో మన కలకత్తా నుంచే. ముంగిస పగలు వేటాడుద్ది, ఎలుక రాత్రి తిరుగుద్ది. రెండూ కలవలేదు, పిట్ట గుడ్లు పోయాయి. జపాన్‌లో అమామి ఓషిమాలో 1979లో పాముల కోసం ఓ 30 ముంగిసల్ని వదిలితే, అన్నిట్నీ తీసి 2024లో ప్రకటించేసరికి 45 ఏళ్ళు.

మిర్చియార్డు
పాములంటే గుర్తొచ్చింది, పసిఫిక్‌లో గువామ్ దీవిలో పాములకి జ్వరం మాత్ర వేస్తారటగా?

బ్రాడీపేట_4/14
అవును, పారాసిటమాల్. చచ్చిన చుంచు పిల్లలో 80 మిల్లీగ్రాములు పెట్టి కాగితపు తోకతో హెలికాప్టర్ నుంచి వదులుతారు, తోక కొమ్మకి చుట్టుకుని ఆగుద్ది. గోధుమరంగు చెట్టుపాము దాన్ని మింగి చస్తది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సరుకుల్లో వచ్చి అక్కడి అడవి పిట్టల్లో చాలావాటిని తినేసిన పామది. అయితే ఇది అదుపే, నిర్మూలన ఇంకా కాలేదు.

తెనాలి_మాగాణి
విషయం అర్థమైంది. దీవి వేరు, మాగాణి వేరు. నాకు పనికొచ్చేది చెప్పండి ఇప్పుడు.

బ్రాడీపేట_4/14
మూడు షరతుల్లో మొదటి రెండూ మీ చేతిలో ఉన్నాయి. మీ రెండెకరాలు కాదు, ఒక పిల్లకాలవ కింద ఆయకట్టు మొత్తం, కాలవ గట్లతో సహా, ఒకే రోజు పెట్టండి. నాట్లేసిన నెలకి, ఈతలు ఎక్కువ కాకముందు. ముందురోజు సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసెయ్యండి. తెల్లారి తెరుచుకున్నవాటిలోనే ఎలుక ఉన్నట్టు, పొట్లం వాటికే. పది పన్నెండు రోజులకి మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచినవాటికి రెండో పొట్లం. చాలామంది ఈ రెండోసారే ఎగ్గొడతారు, కన్నంలో పిల్లలుంటాయన్న సంగతి మర్చిపోయి. గట్లు సన్నగా చెక్కండి, లావు గట్టు ఎలుకకి అపార్ట్‌మెంటు.

దుగ్గిరాల_పసుపు
ఎండ్రకాయ బొరియలో పొట్లం పెట్టి దండగ చెయ్యకండి. దాని నోటి చుట్టూ బంకమట్టి ఉండలు గోళీల్లా పేర్చి ఉంటాయి, లోపల తడి. ఎలుక కన్నం ముందు పొడిమట్టి కుప్ప, పక్కన కొరికిన పిలక ముక్కలు. పొట్లం చేతికి అందినంత లోపలికి తోయండి, పైన కనపడితే పిట్టా కోడీ పొడుస్తాయి.

తెనాలి_మాగాణి
మా కాలవ కింద 64 ఎకరాలు, 23 మంది రైతులు. ఒకే రోజంటే ఆ 23 మందినీ ఒకచోట కూర్చోబెట్టాలి.

మిర్చియార్డు
దానికన్నా హెలికాప్టర్ తేలిక.